డామిట్ నుంచి డ్యామేజీ దాకా

తెలుగువాడికి ఇంగ్లీషులో తిట్టడం నేర్పింది గిరీశం. 1892లో విజయనగరంలో కన్యాశుల్కం మొదటిసారి ఆడారు. 1909లో గురజాడ దాన్ని దాదాపు తిరగరాశారు. ఆ నాటకంలో గిరీశం ఆఖరి మాట "డామిట్"తో మొదలవుతుంది. మిగతా వాక్యం మీ అందరికీ నోటికొచ్చు. బస్సు తప్పిపోయినా, మ్యాచ్ ఓడిపోయినా, కన్యాశుల్కం ఒక్క పేజీ చదవనివాళ్ళు కూడా దాన్ని వాడేస్తారు.

గిరీశానికి ఫ్రాన్సులో ఓ అన్న ఉన్నాడు. పేరు ఫిగరో. బోమార్షే రాసిన నాటకంలో మంగలి, నౌకరు, నోరున్నవాడు. 1784లో పారిస్‌లో ఆ నాటకం ఆడినప్పుడు ఫిగరో ఇంగ్లీషు భాష గురించి ఒక సిద్ధాంతం చెప్తాడు: "గాడ్-డామ్" అన్న ఒక్క మాటొస్తే చాలు, ఇంగ్లండులో దేనికీ లోటుండదట. అంతకు మూడొందల ఏళ్ళ ముందే, జోన్ ఆఫ్ ఆర్క్ కాలంలో, ఫ్రెంచివాళ్ళు ఇంగ్లీషు సైనికుల్ని "గొడాన్లు" అనేవాళ్ళు. వాళ్ళ నోట ఎప్పుడూ ఆ తిట్టే ఉండేది కాబట్టి ఆ పేరొచ్చిందని చెప్తారు. ఒక జాతికి తన ఊతపదమే పేరైపోవడం కంటే ఏం కావాలి!

అసలు ఈ "డామ్" ఎక్కడిది? లాటిన్‌లో "దామ్నుమ్" అంటే నష్టం. జరిమానా అని కూడా. అందులో దేవుడూ లేడు, నరకమూ లేదు, ఉన్నదల్లా లెక్క. రోమన్లకి అక్విలియా చట్టం అని ఒకటుండేది, క్రీస్తుకి సుమారు మూడు శతాబ్దాల ముందుది. ఎదుటివాడి బానిసనో, మందలోని పశువునో అన్యాయంగా చంపితే, గడిచిన ఏడాదిలో దానికి పలికిన అత్యధిక ధర కట్టాలి. బానిసనీ బర్రెనీ ఒకే వాక్యంలో కట్టిన చట్టం అది. దాని సంగతి మళ్ళీ ఎప్పుడైనా. మనకి కావలసింది ఏంటంటే, దామ్నుమ్ అంటే ఒకడు పోగొట్టుకున్నదీ, ఇంకొకడు కట్టవలసిందీ.

తర్వాత చర్చి ఈ కోర్టు మాటని పైకి తీసుకుపోయింది. న్యాయమూర్తి వేసే శిక్ష కాస్తా దేవుడు వేసే శాశ్వత శిక్ష అయింది. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చేసరికి డామ్ అంటే నరకానికి పంపడం. నరకం నిజంగా ఉందని, అందులో కాలతామని నమ్మేవాడి ముఖం మీద ఈ మాట అంటే ఎలా ఉంటుందో ఊహించండి. అందుకే చాలాకాలం అచ్చులో మధ్య అక్షరాలు తీసేసి గీత గీసేవాళ్ళు. 1939లో కూడా హాలీవుడ్ ఈ మాటకి జంకింది. గాన్ విత్ ద విండ్ చివర్లో హీరో హీరోయిన్‌తో "నాకు లెక్కలేదు" అనే చోట ఈ పదం ఉంది. సినిమా విడుదలకి నెలన్నర ముందు నిర్మాతల సెన్సారు నియమావళినే కాస్త సడలించారు. ఇప్పుడైతే పదేళ్ళ పిల్లలు కూడా అనేస్తున్నారు, ఎవరూ తల తిప్పి చూడరు. నరకం మీద నమ్మకం పోయాక నరకానికి పొమ్మంటే ఎవడికి భయం?

ఇక్కడ ఒక ముచ్చటైన అబద్ధం ఉంది. "నాకు లెక్కలేదు" అనే ఆ ఇంగ్లీషు నుడికారంలోని డామ్ తిట్టు కాదు, మన నాణెం అని ఒక వాదన. అక్బరు కాలంలో "దామ్" అని రాగి నాణెం ఉండేది. ఐన్-ఇ-అక్బరీ లెక్కన 40 దాములు ఒక రూపాయి. 1886లో యూల్, బర్నెల్ వేసిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు ఈ వాదనకి ఊతమిచ్చింది: ఇండియాలో పనిచేసిన తెల్లవాళ్ళు "దాము విలువ చెయ్యదు" అనేవాళ్ళు, అదే తర్వాత తిట్టయింది అని. నిజాంతో కలిసి మరాఠాలతో పోరాడి, 1803లో అస్సాయీ దగ్గర గెలిచిన వెల్లింగ్టన్‌కి "రెండు పెన్నీల డామ్" అన్నది ఊతపదమని చెప్పుకుంటారు. ఇంకేం, దక్కన్‌లోనే నేర్చుకున్నాడనుకున్నారు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు మాత్రం ఊహ బాగుంది గానీ ఆధారం లేదని తేల్చేసింది. నిజమైతే ఎంత బాగుండేది! ఆ దాముకి పుట్టిన బిడ్డే మన దమ్మిడీ. "దమ్మిడీ ఆదాయం లేదు, గడియ తీరిక లేదు" అంటాం చూడండి, అదే. దాము తాత ఇంకా దూరం వాడు: సంస్కృతంలో ద్రమ్మ, దానికి మూలం గ్రీకు ద్రాక్మా. తిట్టుతో ఏ చుట్టరికమూ లేదు.

మా నిజామాబాద్‌వాళ్ళకి డ్యామ్ అంటే మొదట గుర్తొచ్చేది తిట్టూ కాదు, పైసా కాదు, నిజాంసాగర్. ఈ డ్యామ్ మూడో పదం. ఆమ్‌స్టర్‌డామ్‌లో, రాటర్‌డామ్‌లో ఉన్నదీ అదే. నీటికి అడ్డంగా వేసిన కట్ట. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేశారు. కట్టించింది నిజాం కొలువులోని ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆ నీళ్ళని నమ్ముకునే 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది, దాని చుట్టూ శక్కర్‌నగర్ లేచింది. కాలువ కింద చెరుకు, వరి వెయ్యడానికి కోస్తా నుంచి రైతులొచ్చి భూములు కొన్నారు. వాళ్ళ ఊళ్ళని ఇప్పటికీ "క్యాంపు" అనే అంటాం.

అట్లా బోధన్, వర్ని, కోటగిరి చుట్టుపక్కల రెండు రకాల తిట్లు ఎదురుపడ్డాయి. క్యాంపువాళ్ళది "నీ దుంప తెగ". చెరుకు రైతు నోట్లో ఈ మాట ఊరికే పోదు. గడ నరికినా మొదలు భూమిలో ఉంటే మళ్ళీ పిలకలేస్తుంది, రెండో పంట వస్తుంది. మొదలే పోతే ఇంక ఏమీ లేదు. ఊరోళ్ళది "నీ నోట్ల మన్నువడ", "గంగల కలువ". మా దిక్కు గోదావరిని గంగ అనే పిలుస్తారు. మంజీర పోయి ఆ గంగలో కలిసేది మా జిల్లాలోనే, కందకుర్తి దగ్గర. బూడిద కలిపేదీ అక్కడే. అందుకే పైసలు పోతే "గంగల కలిసినయ్" అంటారు, పంట పోతే కూడా అదే మాట. ఇంగ్లీషు డామిట్‌కి మా దగ్గర సరైన తర్జుమా కావాలంటే ఇదే. కాకపోతే ఇందులో నరకం లేదు. పోయింది, తిరిగి రాదు, అంతే. ఆ లెక్కన మా తిట్టే లాటిన్ అర్థానికి దగ్గర.

మరి గిరీశం డామిట్ ఎవరికీ ఎందుకు తగల్లేదు? 1914లో లండన్ స్టేజీ మీద పిగ్మాలియన్ నాయిక "బ్లడీ" అంటే పత్రికలు గోలగోల చేశాయి. అది వాళ్ళ సొంత మాట కాబట్టి. పరాయి భాష తిట్టుకి విషం ఉండదు, రంగు మాత్రమే ఉంటుంది. మా టౌన్‌లో కంఠేశ్వర్ అని పేట ఉంది, నీలకంఠేశ్వరుడి గుడి మీదుగా వచ్చిన పేరు. మింగనూలేక ఉమ్మనూలేక గొంతులో పెట్టుకున్న దేవుడు. తల్లిభాషలో తిట్టు అచ్చం అట్లనే గొంతులో అడ్డం పడుతుంది. ఇంట్లో "గంగల కలువ" అనడానికి జంకే పిల్లలు హాయిగా డామిట్ అంటారు.

అయితే దామ్నుమ్ పిల్లలందరూ ఇట్లా మెత్తబడలేదు. నోట్లోకి వచ్చింది అరిగిపోయింది గానీ, కాగితం మీదకి వెళ్ళినవి పదునుగానే ఉన్నాయి. డ్యామేజీ, కండెమ్, ఇండెమ్నిటీ అన్నీ ఆ కడుపున పుట్టినవే. లా చదివేవాళ్ళు మొదటి ఏడాదే "దామ్నుమ్ సినే ఇంజూరియా" అని బట్టీ పడతారు: నష్టం జరిగింది, కానీ హక్కుకి భంగం కలగలేదు, కాబట్టి దావా లేదు. దానికి ఉదాహరణ 1410 నాటి గ్లూస్టర్ బడి కేసు. పక్కనే ఇంకో పంతులు బడి పెట్టి ఫీజు తగ్గించాడు, పాత పంతుళ్ళకి పిల్లలు పోయారు. నష్టమే, కానీ నేరం కాదు పొమ్మన్నారు. "లెక్కలేదు" అని ఇంత మర్యాదగా చెప్పిన తిట్టు నాకింకోటి కనిపించలేదు.

బోధన్‌లో మూతపడ్డ ఫ్యాక్టరీని చూస్తే నాకు ఈ లాటిన్ ముక్కే తడుతుంది. 2002లో ప్రభుత్వం 51 శాతం వాటాని ప్రైవేటుకి అప్పజెప్పింది. 2015 డిసెంబర్‌లో లేఆఫ్ ప్రకటించారు. లేఆఫ్! వినడానికి ఎంత సుతారంగా ఉంది, ఎవరో మెల్లగా పక్కన పెట్టినట్టు. అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం, 1947, లేఆఫ్‌లో ఉన్న కార్మికుడికి మూల వేతనం, కరువు భత్యం కలిపి అందులో సగం పరిహారంగా ఇమ్మంటుంది. అదే చట్టం ఇంకో సెక్షన్‌లో, సీజన్ మీద నడిచే సంస్థలకి ఈ లెక్క వర్తించదంటుంది. చక్కెర మిల్లు చెరుకున్న నెలల్లోనే ఆడుతుంది. మరి అది సీజన్‌దా, కాదా? ప్రశ్న వస్తే ప్రభుత్వం చెప్పిందే ఖాయం అని కూడా అక్కడే రాసుంది. ఇక చెరుకు వేసిన రైతు నష్టం మాటకొస్తే, ఆ సెక్షన్లలో అతని పేరే లేదు.