డోలి మోగితేనే చరిత్ర

పాడ్‌కాస్ట్ అనే మాట 2004లో పుట్టింది. చెవితో వినే చరిత్ర మాత్రం భద్రాచలం మన్యంలో అంతకు చాలా ముందునుంచే ఉంది. చెప్పేవాళ్లు డోలి కోయలు.

వాళ్ల సరంజామా రెండే: డోలు, పడిగె. పడిగె అంటే పొడవాటి త్రికోణపు గుడ్డ జెండా. దానిమీద మూలపురుషులు, వేల్పులు, జంతువుల బొమ్మలు వరసగా ఉంటాయి. కొలుపు నాడు దాన్ని విప్పి, ఒక్కో బొమ్మ దగ్గరా ఆగి కథ నడుపుతారు. ఒక్కో గట్టువాళ్లు, అంటే ఒక్కో కోయ గోత్రంవాళ్లు, ఎక్కణ్ణుంచి వచ్చారు, ఏ వేల్పును కొలుస్తారు, ఎవరితో వియ్యం కుదురుతుంది, అన్నీ అందులోనే.

ఈ విద్యలో పేరుమోసినవారు మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య. మేడారం జాతర వేల్పులు సమ్మక్క సారలమ్మల కథను కోయలోనూ తెలుగులోనూ చెప్పేవారు. 2022లో పద్మశ్రీ వరించింది. 2024 జూన్‌లో కన్నుమూశారు.

భద్రాచలం గుడి కట్టించిన కంచర్ల గోపన్న (రామదాసు) గోల్కొండ చెరసాల కథ తెలియని తెలుగువాడు లేడు. అదే భద్రాచలం అడవిలోని పడిగె కథలు విన్నవాళ్లు ఎందరు? సరదాకి చరిత్ర పాడ్‌కాస్టు చేద్దామనుకునేవాళ్లకు ఇంతకంటే మంచి సరుకు దొరకదు.

రికార్డింగే చిక్కు. డోలు రెండువైపులా మోగుతుంది, మైకు దాని పక్కన పెడితే గొంతు మునిగిపోతుంది. మైకు గాయకుడి నోటికి దగ్గరగా ఉండాలి. కోయ మాటలకు తెలుగు వివరణ కథంతా అయ్యాకే అడగాలి, మధ్యలో ఆపితే వరస తెగుతుంది.