జావర్ వెనుకచేతులు: కృప ఎదురైన రాత్రి ఒక భంగిమ

1832 జూన్ 6వ తేదీ రాత్రి. రెండు రోజుల తిరుగుబాటు అణగిపోయిన పారిస్ నగరంలో ఒక పోలీసు ఇన్‌స్పెక్టరు ఒంటరిగా సేన్ నది వైపు నడుస్తున్నాడు. అతని పేరు జావర్. విక్టర్ హ్యూగో 1862లో ప్రచురించిన ‘లే మిజరాబ్ల్’ నవలలోని పాత్ర. ఆ నడకను వర్ణించడానికి ముందే హ్యూగో రెండు సంగతులు చెబుతాడు. జావర్ తన జీవితంలో మొదటిసారి తల వంచుకొని నడుస్తున్నాడు. మొదటిసారి చేతులు వెనుకకు పెట్టుకొని నడుస్తున్నాడు. ఈ రెండవ సంగతిని గూర్చినదే ఈ వ్యాసము.

మన తెలుగు ప్రసంగాలలో ఈ కథ కొత్తది కాదు. బిషప్పుగారు దొంగకు వెండి దీపస్తంభాలు ఇచ్చి పంపిన ఘట్టాన్ని క్షమాపణకు ఉదాహరణగా చెప్పని బోధకుడు అరుదు. సినిమా ద్వారా కూడ ఇది మనకు చేరింది. 1950లో చిత్తూరు నాగయ్యగారు నటించిన ‘బీదల పాట్లు’, 1972లో అక్కినేని నాగేశ్వరరావుగారు నటించిన అదే పేరుగల చిత్రము ఈ నవల ఆధారంగానే వచ్చాయి. 1950 నాటి తమిళ చిత్రంలో ఇన్‌స్పెక్టరుగా నటించిన సీతారామన్‌గారికి ఆ పాత్ర పేరే ఇంటిపేరుగా మారి, జీవితాంతం ఆయన ‘జావర్ సీతారామన్’ అయ్యారు. అయినను మనము బిషప్పుగారిని గూర్చి చెప్పినంతగా జావర్‌ను గూర్చి చెప్పము. చెప్పినా ‘పరిసయ్యుడు’ అనే ఒక్క మాటతో ముగించి ముందుకు పోతాము.

ముందుగా మన పాఠకుడు పొరబడే అవకాశమున్న ఒక విషయము చెప్పాలి. మన ఊళ్లలో చేతులు కట్టుకొని నిలబడడమంటే ఎదుటివాని పెద్దరికాన్ని ఒప్పుకొనడము. పాలేరు దొర ముందు, విద్యార్థి ఉపాధ్యాయుని ముందు, మనలో చాలామంది తాతలు కరణముగారి అరుగు ముందు అలాగే నిలబడ్డారు. చేతులు వెనుకకు పెట్టుకొని పొలం గట్టు మీద నడిచేవాడు ఆసామి. పరీక్ష గదిలో బల్లల మధ్య అలా నడిచేవాడు హెడ్మాస్టరు. కాబట్టి తెలుగు చదువరి మనస్సులో వెనుకచేతులు అధికారానికి గుర్తు, ముందు కట్టుకొన్న చేతులు అణకువకు గుర్తు. హ్యూగో లెక్క దీనికి సరిగ్గా తలక్రిందులు. జావర్ ఆ రాత్రి వరకు నెపోలియన్ భంగిమలలో ఒక దానిని మాత్రమే అరువు తెచ్చుకొన్నాడని ఆయన అంటాడు. అది రొమ్ము మీద చేతులు కట్టుకొని నిలిచే భంగిమ, తీర్మానించుకొన్నవాని భంగిమ. వెనుకచేతులు ఎటూ తేల్చుకోలేనివాని భంగిమ. అది జావర్‌కు అంతవరకు తెలియదు.

నెపోలియన్ నిజంగా అలా నడిచేవాడా? నడిచేవాడు. ఆయన కార్యదర్శిగా పనిచేసిన బూరియన్ తన జ్ఞాపకాలలో, ఆయన గదులలో గాని తోటలలో గాని కొంచెం ముందుకు వంగి, చేతులు వెనుక కట్టుకొని నడిచేవాడని వ్రాశాడు. అయితే అది సందేహంలో ఉన్నవాని నడక అని ఆయన చెప్పలేదు; కేవలము అలవాటుగానే చెప్పాడు. దానికి అనిశ్చయము అనే అర్థము పెట్టినవాడు హ్యూగో. చిత్రకారుడు డేవిడ్ 1812లో వేసిన ప్రసిద్ధ చిత్రంలో నెపోలియన్ ఒక చేతిని చొక్కా లోపలికి పెట్టుకొని ఉంటాడు. లోకమంతా గుర్తుపట్టే ఆ మూడవ భంగిమను హ్యూగో ఇక్కడ తాకనే లేదు. ఆయనకు కావలసినవి రెండే: ముందు ముడిచిన చేతులు, వెనుకకు పోయిన చేతులు.

ఈ పోలిక ఊరకే వచ్చినది కాదు. హ్యూగో తండ్రి నెపోలియన్ కాలపు జనరల్. హ్యూగో మాత్రము నెపోలియన్ అన్న కుమారుని కాదు, తమ్ముని కుమారుడైన లూయీ నెపోలియన్‌ను ఎదిరించి, 1851 డిసెంబరులో అతడు అధికారము చేజిక్కించుకొన్న తర్వాత దేశము విడిచి, చివరికి గెర్న్‌సీ ద్వీపంలో కాపురమున్నాడు. 1852లోనే అతణ్ణి ‘చిన్న నెపోలియన్’ అని ఎగతాళి చేస్తూ ఒక పుస్తకము వ్రాశాడు. 1859లో క్షమాభిక్ష ప్రకటించినా స్వీకరించక, 1870లో ఆ సామ్రాజ్యము కూలిన తర్వాతనే ఫ్రాన్సులో అడుగుపెట్టాడు. 1845లో మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయిన ఈ నవలను ఆ ప్రవాసములోనే పూర్తిచేశాడు. పెద్దవాని భంగిమను చిన్నవాడు తొడుక్కొంటే అధికారము ఎలా కనబడుతుందో ఆయన కళ్లారా చూచినవాడు. కనుక జావర్ ముడిచిన చేతులు అతని సొంతము కావని మనము గ్రహించాలి. అవి పైనుండి దిగివచ్చిన అధికారపు చేతులు.

ఇక జావర్ ఎవరు? చెరసాలలో పుట్టినవాడు. తల్లి సోదె చెప్పే స్త్రీ. ఆమె భర్త ఓడశిక్ష అనుభవిస్తున్న ఖైదీ. సమాజము తనవంటివారికి రెండే తలుపులు తెరుస్తుందని, అవి దానిపై దాడిచేసేవాని తలుపు, దానిని కాపలా కాసేవాని తలుపు అని గ్రహించి రెండవదానిలో ప్రవేశించాడు. తాను పుట్టిన జాతిని తానే ద్వేషించాడు. ఇతనిని పరిసయ్యుడనడము నాకు సమ్మతము కాదు. లూకా 18వ అధ్యాయములోని ఉపమానపు పరిసయ్యుడు తన్ను తాను ఎన్నడూ బోనులో నిలబెట్టుకొనలేదు. జావర్ నిలబెట్టుకొన్నాడు. 1823లో, పట్టణపు మేయరు మదెలేన్ నిజానికి పాత ఖైదీ జీన్ వాల్జీన్ అని తాను పైఅధికారులకు ఫిర్యాదు చేశానని, అది తప్పని తేలిందని నమ్మి, ఆ మేయరు ఎదుటికే వచ్చి తనను ఉద్యోగము నుండి తొలగించమని కోరాడు. రాజీనామా చేయవచ్చు గదా అంటే, అది గౌరవప్రదమైన దారి, తనకు తగదు అన్నాడు. ఇతరులకు కొలిచిన కొలతతోనే తనకును కొలుచుకొన్నాడు. మేయరు (అతడు నిజంగానే వాల్జీన్) కరుణించి చేయి చాచాడు. జావర్ వెనుకకు జరిగాడు. మేయరు ఒక వేగులవానికి చేయి ఇవ్వకూడదన్నాడు.

చాచిన ఆ చేతిని గుర్తుంచుకొందము.

తొమ్మిదేండ్ల తర్వాత, 1832 జూన్ 5న జనరల్ లమార్క్ అంత్యక్రియల రోజున పారిస్‌లో తిరుగుబాటు లేచింది. మారువేషంలో వెళ్లిన జావర్‌ను తిరుగుబాటుదారులు గుర్తుపట్టి, చేతులు వెనుకకు విరిచికట్టి, ఒక సారాయి కొట్టు క్రింది గదిలోని స్తంభానికి బంధించారు. తర్వాత మెడ నుండి త్రాడు దించి చేతులకు ముడివేశారు. అది చెరసాలలలో ఖైదీలకు వేసే ముడి అని హ్యూగో ప్రత్యేకంగా చెబుతాడు. ఎంతమందికో ఆ ముడి వేయించినవానికి ఇప్పుడు అదే ముడి. అతణ్ణి చంపే పనిని అడిగి తీసుకొన్నవాడు వాల్జీన్. ప్రక్క సందులోనికి తీసుకుపోయి, కత్తి తీసి, కట్లు కోసివేశాడు. వెళ్లిపొమ్మన్నాడు. తాను ఉంటున్న వీధి, ఇంటి నంబరు కూడ చెప్పాడు. అప్పుడు జావర్, ఇంతకంటె నన్ను చంపండి అన్నాడు. ఆ మాటలో జావర్‌కే తెలియకుండ ఒక మార్పు వచ్చిందని హ్యూగో గమనిస్తాడు. అంతవరకు వాల్జీన్‌ను ‘నువ్వు’ అన్నవాడు ఇప్పుడు ‘మీరు’ అంటున్నాడు. ఇంగ్లీషులో చదివినవారికి ఇది సరిగా అందదు. తెలుగువానికి వివరించనక్కరలేదు.

మరునాటి రాత్రి జావర్ చేతులు వెనుకకు పోయినది ఈ సంఘటన తర్వాతనే. మధ్యలో మరొకటి జరిగింది. గాయపడిన యువకుని భుజాన వేసుకొని మురుగు కాలువలోనుండి బయటపడిన వాల్జీన్‌ను జావర్ పట్టుకొని కూడ, ఇంటిదాకా తెచ్చి, అక్కడ వదలి వెళ్లిపోయాడు. హ్యూగో ఆ వెనుకచేతులను నెపోలియన్‌తో మాత్రమే పోల్చి ఊరుకొన్నాడు. స్తంభము దగ్గరి త్రాడును తిరిగి గుర్తుచేయలేదు. నా ఉద్దేశములో ఆ రెండింటిని కలిపి చదవాలి. త్రాడు ఉన్నప్పుడు చేతులు ఎక్కడ ఉన్నాయో, త్రాడు తెగిన తర్వాత వాటంతట అవే అక్కడికి వెళ్లాయి. మొదటిసారి కట్టినవారు తిరుగుబాటుదారులు. రెండవసారి కట్టినది విడుదలయే.

ఈ చదువు బలవంతపుదని ఎవరైన అనవచ్చును. అయితే వెనుకకు కట్టిన చేతులు నెపోలియన్‌కు ఎంతో ముందునుండి చెరపట్టబడినవాని గుర్తు అని చరిత్ర చెబుతుంది. 1 రాజులు 14వ అధ్యాయములో యెరూషలేము మీదికి వచ్చిన ఐగుప్తు రాజు షీషకును మనము ఎరుగుదుము. కర్నాకు ఆలయపు గోడ మీద అతని విజయ శిల్పములో పట్టణాల పేర్లు వరుసగా ఉంటాయి. ఒక్కొక్క పేరు మీద చేతులు వెనుకకు కట్టబడిన ఒక ఖైదీ రొమ్ము వరకు చెక్కబడి ఉంటాడు. పారసీక రాజు దర్యావేషు బెహిస్తూన్ కొండ మీద చెక్కించిన శిల్పములో తొమ్మండుగురు తిరుగుబాటు నాయకులు మెడకు త్రాడు, వెనుకకు కట్టిన చేతులతో వరుసగా నిలిచి ఉన్నారు. క్రీ.శ. 70లో యెరూషలేము పడిపోయిన తర్వాత వెస్పాసియను చక్రవర్తి వేయించిన నాణెములలో కొన్నిటి మీద ఖర్జూరపు చెట్టు ప్రక్కన ఒక యూదుడు అదే విధముగా నిలబడి ఉంటాడు. దొర తన ఇష్టముతో పెట్టుకొనే భంగిమ, ఖైదీ చేత బలవంతముగా పెట్టించే భంగిమ చూపునకు ఇంచుమించు ఒకటే. త్రాడు ఒక్కటే తేడా. దూరము నుండి చూచేవానికి త్రాడు కనబడదు.

ఇక్కడ ఒక సొంత సంగతి చెప్పుకొనడానికి పాఠకులు అనుమతించాలి. సుమారు ఇరవై అయిదేండ్ల క్రిందట నేను కాపరిగా ఉన్న ఒక సంఘములో ఒక సహోదరుని త్రాగుడు, తగాదాల నిమిత్తము ప్రభురాత్రి భోజనము నుండి ఆపివేశాము. ఆదివారము ఆ తీర్మానము చదివినది నేనే. తీర్మానములో తప్పు లేదు. ఇప్పటికీ అదే అంటాను. తర్వాత కొన్ని నెలలకు నా భార్య ఆపరేషనుకు రక్తము కావలసివచ్చింది. ఎవరు చెప్పారో తెలియదు, ఆయన బస్సెక్కి వచ్చి రక్తమిచ్చి వెళ్లిపోతుంటే వరండాలో ఎదురయ్యాను. నాకు నోట మాట రాలేదు. ఆయనే, “వస్తానయ్యగారూ, అమ్మగారికి ఏం కాదు” అని మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆయన పేరును తిరిగి రిజిస్టరులో చేర్చడానికి నేను కమిటీ కూడే వరకు ఆగాను. నిబంధన అలాగే ఉంది. ఆ రెండు నెలలు ఆయనకు ఎదురుపడకుండ నేను వేరే వీధిన నడిచాను. బాకీ ఉన్నవాడు అప్పు ఇచ్చినవానిని తప్పించుకొన్నట్టు. జావర్‌ను నేను లోపలినుండి చదవడము అప్పటినుండి మొదలైనది.

జావర్ కష్టము మంచివాడెవడో చెడ్డవాడెవడో తెలియకపోవడము కాదు. ఒక నేరస్థుని చేతిలోనుండి తన ప్రాణమును తీసుకొన్నాడు. అతణ్ణి పట్టిస్తే కృతఘ్నుడు, విడిచిపెడితే చట్టమునకు ద్రోహి. ఇంతకాలము ఒకే గీత మీద నడిచినవాని ఎదుట రెండు గీతలు, రెండూ తిన్ననివే. ధర్మశాస్త్రమును పాటించలేనివాడు కృపను వెదకుట మనకు పరిచయమైన బోధ. పాటించినవానికే కృప ఎదురైతే ఏమి జరుగుతుందో మనము తక్కువగా బోధిస్తాము.

ఆ చేతులు అక్కడితో ఆగలేదు. నదిగట్టు దగ్గర జావర్ గోడ మీద మోచేతులాన్చి, గడ్డమును రెండు చేతులలో పెట్టుకొని చాలాసేపు నిలిచాడు. తర్వాత దగ్గరలో ఉన్న పోలీసు ఠాణాకు వెళ్లి, కలము కాగితము అడిగి, పై అధికారికి పది అంశాల వినతి వ్రాశాడు. అందులో వాల్జీన్ ఊసు లేదు. విచారణ నుండి తెచ్చిన ఖైదీలను సోదా చేసేటప్పుడు వట్టి కాళ్లతో రాతి నేల మీద నిలబెడుతున్నారని, అందువలన దగ్గు తెచ్చుకొంటున్నారని ఒక అంశము. నేతపని చేసే ఖైదీల మగ్గములో పోగు తెగితే పది సూలు కోసివేస్తున్నారని, దానివలన బట్టకు నష్టమేమియు లేదని మరొకటి. ఎన్నేండ్లుగా చూచిన సంగతులో ఇవి! వెనుకకు పోయిన చేతులు ముందుకు వచ్చి చేసిన ఒకే ఒక పని ఖైదీల పాదాలను గూర్చి వ్రాయడము. ఈ కాగితమును ప్రసంగాలలో ఎవరూ చెప్పగా నేను వినలేదు. అతని మరణమును మాత్రము అందరూ చెబుతారు. గట్టు మీద టోపీ పెట్టి నదిలోనికి దూకినవానిని ‘ధర్మశాస్త్రపు అంతము’ అని ఉదాహరణగా వాడడము మానుకొనవలెనని నా మనవి. మన ముందు కూర్చున్నవారిలో ఆ గట్టు దాకా వెళ్లి వచ్చినవారు ఉండవచ్చును.

అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయములో మరొక అధికారి ఉన్నాడు. యెరూషలేములో పత్రికలు తీసుకొని, పురుషులను స్త్రీలను బంధించి తేవడానికి దమస్కునకు బయలుదేరినవాడు. అతనికి కూడ దారిలో, తాను హింసించినవాని చేతిలోనే తన జీవితము ఉన్నదని తెలిసింది. అతడు లేచి కన్నులు తెరచినా ఏమియు కనబడలేదు. అప్పుడు వెంట ఉన్నవారు అతని చేయి పట్టుకొని ఊరిలోనికి నడిపించారు. మూడు దినములు అన్నపానములు లేకుండ ఉన్నాడు. లూకా ఆ మూడు దినములలో అతని చేతులు ఎక్కడ ఉన్నాయో చెప్పలేదు. అననీయ భయపడుతూనే ఆ ఇంటికి వచ్చి, తన్ను బంధించడానికి వచ్చినవాని మీదనే చేతులుంచి, సహోదరుడా అని పిలిచాడని చెప్పాడు. పారిస్‌లో ఆ రాత్రి జావర్ వెంట ఎవరూ లేరు. అతని జీవితములో అతనికి చేయి చాచినవాడు ఒక్కడే. తొమ్మిదేండ్ల క్రిందట ఆ చేతిని వద్దన్నాడు. ఇప్పుడు ఆ మనిషి పై అంతస్తు కిటికీలోనుండి వీధిలోనికి తొంగిచూచాడు. క్రింద ఎవరూ కనబడలేదు.