జాజికాయ, స్తంభన శబ్దం: ఓరుగల్లు నేపథ్యంలో ఒక ఔషధ చరిత్ర

తెలుగువారి వంటింట్లో జాజికాయకు ఉన్న స్థానం చిన్నదే. బిరియానీ మసాలాలోనూ తీపి వంటకాల్లోనూ చిటికెడు పడుతుంది. పసిపిల్లలకు విరేచనాలైనా నిద్ర పట్టకపోయినా సానరాయి మీద అరగదీసి నాలుకకు రాస్తారు. ఈ దినుసుకే మరొక ఖ్యాతి కూడా ఉంది. అది పురుషుల లైంగిక దౌర్బల్యాన్ని పోగొట్టే సహజౌషధమనీ, ప్రాచీనులు దాన్ని ఆ ప్రయోజనం కోసమే వాడారనీ ఒక అభిప్రాయం విస్తృతంగా వ్యాపించింది. వరంగల్లు కిరాణా దుకాణంలో జాజికాయ కొనే మనిషికి ఆ మాట ఏదో ఒక రూపంలో తెలిసే ఉంటుంది. ఈ అభిప్రాయానికి శాస్త్రగ్రంథాల ఆధారం ఎంతవరకు ఉందో, అది తెలుగులో ఇప్పుడున్న రూపాన్ని ఎలా పొందిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ప్రశ్న వైద్యానిదిగా కనిపించినా, జవాబులో సగం శబ్దార్థ విచారణకు చెందుతుంది.

ముందుగా వస్తువు సంగతి. జాజికాయ మన నేల పంట కాదు. దాని జన్మస్థానం తూర్పు సముద్రంలోని బందా దీవులు. పద్దెనిమిదో శతాబ్ది చివరిదాకా ప్రపంచానికంతటికీ అక్కడినుండే అందింది. 1621లో డచ్చివారు ఆ దీవులను రక్తపాతంతో స్వాధీనం చేసుకోవడానికి కారణం కూడా ఈ కాయే. నేడు కేరళలో విరివిగా పండుతున్నది గనుక దాన్ని స్వదేశీ ద్రవ్యంగా భావించడం సహజమే. కాకతీయుల నాటి ఓరుగల్లుకు మాత్రం అది ఓడలెక్కి రావలసిన సరుకు. గణపతిదేవుని మోటుపల్లి శాసనం (1244) ఆ రేవులో సుంకాలు విధించిన వస్తువులను పేర్కొన్నది. అందులో చందనం, దేశీయ కర్పూరం, చీనా కర్పూరం, పన్నీరు, దంతం, జవ్వాజి, పగడాలు, మిరియాలు, వక్కలు ఉన్నాయి. జాజికాయ పేరు విడిగా కనిపించదు. అయితే తూర్పు దీవుల కర్పూరం దిగిన రేవులో అదే దారిన వచ్చే జాజికాయ కూడా దిగి ఉండవచ్చునని ఊహించడం అసంగతం కాదు. ఇది ఊహే తప్ప శాసనసాక్ష్యం కాదు. నేడు ఎనుమాముల మార్కెట్టును ఎరుపెక్కించే మిరపకాయ కాకతీయుల వంటింట లేదన్న సంగతి కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి. అది పోర్చుగీసువారి రాక తరువాతి మాట. వంటింటి దినుసులన్నిటికీ ఒకే ప్రాచీనతను అంటగట్టడం ఎంత తొందరపాటో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఆనాటి ఓరుగల్లు విలాస జీవితానికి మనకున్న ప్రధాన సాహిత్యాధారం క్రీడాభిరామం. కర్త వినుకొండ వల్లభరాయడా, శ్రీనాథుడా అన్న వాదాన్ని ఇక్కడ తిరగదోడనక్కరలేదు. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి తిరిగిన వీధులలో పూటకూటిల్లు ఉంది, వేశ్యవాటిక ఉంది, మాచల్దేవి చిత్రశాల ఉంది. ఈ కావ్యం నుండి సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్ర కోసం విస్తారంగా సామగ్రిని గ్రహించారు. రూకకు దొరికిన భోజనంలోని పదార్థాలను కూడా కవి వదలలేదు: సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పంచదార, పెసరపప్పు, అరటిపండ్లు, పెరుగు. ఆ కాలంలో సుగంధద్రవ్యాలకు శృంగారంతో ఉన్న సంబంధం మందుల పొట్లంలో కంటే తాంబూలంలో వెతకవలసినది.

శాస్త్రగ్రంథాలు కూడా ఇదే చెబుతున్నాయి. చరకసంహిత సూత్రస్థానంలో జాజికాయ నోటి శుద్ధికీ రుచికీ పరిమళానికీ ధరించవలసిన ద్రవ్యాలలో ఒకటి. దాని వెంట ఉన్నవి వక్క, లవంగం, తక్కోలం, తమలపాకు, కర్పూరం, ఏలకులు. అంటే అది తాంబూలపు సరంజామా. అదే గ్రంథం చికిత్సాస్థానంలో రెండవ అధ్యాయాన్ని నాలుగు పాదాలుగా విభజించి పూర్తిగా వాజీకరణానికి కేటాయించింది. ఆ యోగాలకు ఆయువుపట్టు పాలు, నెయ్యి, మినుములు, బియ్యం, చక్కెర, మాంసరసాలు. పిప్పలి వంటి ఘాటు ద్రవ్యాలు అక్కడక్కడ ఉన్నా వాటి పాత్ర అనుబంధమే. ప్రీతిపాత్రమైన భార్యను మించిన వాజీకరణం లేదని కూడా ఆ అధ్యాయం చెబుతుంది. సంతానం అక్కడ ప్రధాన లక్ష్యం. ఇదంతా పుష్టి సిద్ధాంతం. ఒక మసాలా దినుసు తిన్నంత మాత్రాన శక్తి కలుగుతుందన్న భావన దానికి దూరం.

మలుపు శార్ఙ్గధరసంహితలో వస్తుంది. సామాన్యంగా 13–14 శతాబ్దాలకు చెందినదిగా భావించే ఈ గ్రంథం, అంటే దాదాపు కాకతీయుల కాలపుదే, శుక్రం మీద పనిచేసే ద్రవ్యాలను తరగతులుగా విడదీసింది. హర్షాన్ని కలిగించేది వాజీకరం, శుక్రాన్ని వృద్ధిచేసేది శుక్రలం. ఈ రెండో దానికి అశ్వగంధ, ముసలి, శతావరి ఉదాహరణలు. శుక్రాన్ని నిలిపి ఉంచేది స్తంభకం. దానికి ఉదాహరణ జాజికాయ. జాజికాయను గ్రంథకర్త వాజీకరాల్లో గానీ శుక్రలాల్లో గానీ పేర్కొనక స్తంభక తరగతిలోనే ఉంచాడు. అదే గ్రంథంలోని ఆకారకరభాది చూర్ణం ఈ స్తంభన ప్రయోజనానికే ఉద్దేశించినది. అక్కలకర్ర, శొంఠి, తక్కోలం, కుంకుమపువ్వు, పిప్పలి, జాజికాయ, లవంగం, చందనం అందులో ఉన్నాయి. నల్లమందు కూడా ఉంది. మొదటి ఎనిమిదింటిలో చాలావాటిని చూసి ఇది వంటింటి చిట్కా అనుకునేవారు తొమ్మిదవ దానిని గమనించాలి. ఈ కాలానికే మన వైద్యంలో ప్రవేశించిన నల్లమందుకు ఆలస్యం కలిగించే గుణం స్వతస్సిద్ధం. కాబట్టి ఆ యోగపు ఖ్యాతిలో జాజికాయ వాటా ఎంతో నిర్ధారించడం తేలిక కాదు.

ఇక్కడ శబ్దార్థ విషయం ముందుకు వస్తుంది. ఆయుర్వేదంలో స్తంభనమంటే ప్రవహించేదాన్ని ఆపడం. చరకుడు చెప్పిన ఆరు ఉపక్రమాల్లో అది ఒకటి. అతిసారాన్ని, రక్తస్రావాన్ని నిలపడం దాని పని. శార్ఙ్గధరుడే జాతీఫలాది చూర్ణాన్ని గ్రహణీ రోగానికి విధించాడు. అందులో భంగు కూడా ఉన్నది. మన అమ్మమ్మలు పసిబిడ్డ విరేచనాలకు జాజికాయ అరగదీసి నాకించడం, శార్ఙ్గధరుడు దాన్ని శుక్రస్తంభకమనడం ఒకే గుణానికి రెండు ప్రయోగాలు. తెలుగులో కూడా ఈ అర్థం సజీవంగానే ఉంది. దుర్యోధనుడు మడుగులో దాగింది జలస్తంభన విద్యతో. నేటి పత్రికల్లో జనజీవనం స్తంభిస్తుంది. అలంకారికుల సాత్త్విక భావాల్లో మొదటిది స్తంభం. అన్నిటా ఆగిపోవడమే, నిశ్చలతే. అయితే ఊరుస్తంభం వంటి రోగనామాల్లో బిగుసుకుపోవడమనే అర్థం కూడా ఉంది. ఆధునిక తెలుగు వైద్యరచన ‘అంగస్తంభన’ అనే పదాన్ని రూపొందించినప్పుడు ఈ రెండో అర్థాన్నే తీసుకున్నది. దానితో ‘స్తంభన లోపం’ అన్నప్పుడు పాఠకునికి స్ఫురించేది అంగం బిగువు పొందకపోవడం.

ఇక పొరపాటు సులభమైంది. ‘జాజికాయ స్తంభనకారి’ అన్న శాస్త్రవాక్యాన్ని నేటి తెలుగు అర్థంతో చదివితే అది అంగస్తంభన లోపానికి మందవుతుంది. కానీ శార్ఙ్గధరుడు చెప్పింది శీఘ్రస్ఖలనానికి సంబంధించిన మాట. ఈ రెండూ వేర్వేరు సమస్యలు. ఒకదానికి చెప్పిన ద్రవ్యాన్ని మరొకదానికి వాడడానికి గ్రంథప్రమాణం లేదు. యునానీ పరిభాషతో పోల్చితే ఇది మరింత స్పష్టమవుతుంది. నిజాం పాలనలో రాజాదరణ పొందిన ఆ వైద్యం జాజికాయను జౌజ్‌బువా అంటుంది. నిలిపి ఉంచే మందులకు అది ముమ్‌సిక్ అని, కామశక్తిని పెంచేవాటికి ముఖవ్వీ-ఎ-బాహ్ అని వేర్వేరు పేర్లు పెట్టుకున్నది. ఇమ్సాక్ అంటే పట్టి ఉంచడం, మన స్తంభనానికి సమానం. అక్కడ పేర్లు విడిగా ఉండడం వలన ఇలాంటి శబ్దసాంకర్యానికి తావు తక్కువ.

సుగంధద్రవ్యాలకు పురుషశక్తిని ఆపాదించడం జనవ్యవహారంలో పాతదే. 1443లో విజయనగరానికి వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్, తాంబూలపు మహిమ వల్లనే రాయలు అంతమంది స్త్రీలను ఏలగలుగుతున్నాడని రాసుకున్నాడు. శ్రీనాథునికి కనకాభిషేకం చేసిందని ప్రసిద్ధి పొందిన ఆ ప్రౌఢదేవరాయల ఆస్థానం గురించి ఒక విదేశీయుడు చెప్పిన ఈ మాట వైద్యసాక్ష్యం కాదు; బజారులో విన్న మాట కావచ్చు. కొక్కోకుని రతిరహస్యాన్ని కూచిరాజు ఎఱ్ఱన తెనిగించడంతో, సంస్కృత శ్లోకాల సరసన తెలుగుకు చోటిచ్చిన బసవరాజీయం వ్యాపించడంతో, సంస్కృత యోగాలు తెలుగు చదువరులకు చేరువైనాయి. చేరువైన కొద్దీ పరిభాష సడలడం కూడా సహజమే.

ఆధునిక పరిశోధన ఏమంటున్నది? అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయ పరిశోధకులు 2003లో మగ చుంచెలుకల మీద, 2005లో మగ ఎలుకల మీద జాజికాయ సారాన్ని ప్రయోగించి లైంగిక చర్య పెరిగిందని ప్రకటించారు. అది జంతువుల మీద, ఆల్కహాలుతో తీసిన సారంతో వచ్చిన ఫలితం. పాలలో కలుపుకొనే పొడికీ మనుషులకూ దాన్ని వర్తింపజేయడానికి మధ్య అంగలు చాలా ఉన్నాయి. ప్రమాదం మాత్రం మనుషుల్లోనే చూసిందే. చెక్ శాస్త్రజ్ఞుడు పుర్కిన్యే 1829లో మూడు జాజికాయలు తిని తన మతిభ్రమను తానే వర్ణించుకున్నాడు. మిరిస్టిసిన్ అనే పదార్థం దీనికి ముఖ్య కారణమని తరువాత తెలిసింది. సుమారు అయిదు గ్రాములు, అంటే దాదాపు ఒక కాయ, గుండెదడ, వాంతులు, భ్రాంతి కలిగించవచ్చు. చిటికెడు హానిచేయదని చెంచాడు తినేవారిని ‘సహజం’ అన్న విశేషణం కాపాడదు.

చట్టం కూడా ఈ విషయంలో మౌనంగా లేదు. 1954 నాటి ఔషధ, ఇంద్రజాల చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం, లైంగికసుఖ సామర్థ్యాన్ని నిలుపుతుందనో పెంచుతుందనో చెప్పే మందుల ప్రకటనలను నిషేధించింది. దానిమీద హమ్‌దర్ద్ దవాఖానా వేసిన వ్యాజ్యంలో 1959 డిసెంబరులో సుప్రీంకోర్టు కొన్ని అంశాలను కొట్టివేసినా చట్టం ఉద్దేశాన్ని సమర్థించింది. కిరాణా దినుసుగా అమ్ముడయ్యే జాజికాయ సీసాకెక్కితే గాని ఆ నిషేధం కంటపడదు. నోటిమాటగా, చిట్కాల పుస్తకంగా సాగే ప్రచారం దాని వెలుపలే ఉండిపోతుంది.

తెలుగు వైద్యగ్రంథాలను పరిష్కరించేవారికీ వైద్యపదకోశాలు కూర్చేవారికీ ఇక్కడ ఒక పని మిగిలి ఉంది. స్తంభన, స్తంభక, వీర్యస్తంభన, అంగస్తంభన అన్న ఆరోపాలను ఒకే తలపదం కింద పడవేయక, ఏ గ్రంథంలో ఏ కాలంలో ఏ అర్థంలో వచ్చిందో విడదీసి నమోదు చేయాలి. బసవరాజీయం, ఇంద్రకంటి వల్లభాచార్యుని వైద్యచింతామణి వంటి గ్రంథాల్లోని వాజీకరణ ప్రకరణాలను ఈ దృష్టితో, తాళపత్ర ప్రతుల పాఠభేదాలతో సహా, మళ్ళీ చదవవలసి ఉంది.