మళ్లొచ్చిన వయసు

పత్తికొండ టమాటా మార్కెట్లో మా మేనత్తతో బేరమాడి గెలిచిన వ్యాపారిని నేను చూడలేదు. గంపలోంచి ఒక కాయ తీసి, తొడిమ దగ్గర బొటనగోటితో నొక్కి చూపించి, "ఇది మదరాసు దాకా పోతాది. నీ మాట మద్దికెర దాకా గూడా పోదు" అనేది. నడుముకు వక్కాకు సంచి, సంచిలో నోట్ల మడత, లెక్కంతా తలలో. మామ పోయినాక ఐదెకరాలు బీడు పడకుండా నిలబెట్టింది. బోరెండితే ఇంకో బోరు వేయించింది. అదీ ఎండిన ఏడు సెనక్కాయ వేసింది. ఊళ్లో మగవాళ్లు అప్పు కావాలన్నా, పంచాయితీ చెప్పించుకోవాలన్నా ఆమె అరుగు మీదికే వచ్చేవాళ్లు.

ముట్టు నిలిచి అప్పటికి పదేండ్లు. ఒక ఉగాదికి పోతే, గుమ్మం పక్కకు పిలిచి చెవిలో చెప్పింది: "వయసు మళ్లొచ్చింది పాపా, మళ్లా బట్ట కనపడుతాంది." నవ్వింది. నేనూ నవ్వాను. చదువుకున్నదాన్ని నేను.

మొదట్లో నీళ్లలో కుంకుమ కలిపినట్టు పలచగా, నెలకో రెండు నెలలకో. ఊళ్లో ఆరెంపీ సూది వేస్తే ఆగేది. ఆగడమే మోసమైంది. పాత చీర పేలికలు ఎండలో ఆరేస్తే కోడళ్లు చూస్తారని పిడకల గూడు వెనక, నీడలో ఆరేసుకునేది.

ముట్లు పూర్తిగా నిలిచిన ఏడాది తర్వాత ఒక్క చుక్క కనబడినా అది ముట్టు కాదు. అట్లా కనబడినవాళ్లలో పదింట తొమ్మిది మందికి క్యాన్సర్ ఉండదు, నిజమే. కానీ గర్భసంచి లోపొరలో క్యాన్సర్ పుట్టినవాళ్లలో పదింట తొమ్మిది మందికి ముందుగా కనబడేది ఆ చుక్కే. లోపలి నుంచి చేసే స్కానింగులో ఆ పొర మందం నాలుగు మిల్లీమీటర్లు దాటితే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ముఖద్వారానికి చేసే పాప్ పరీక్ష దీన్ని చాలాసార్లు పట్టుకోదు. మన వాడుకలో మాత్రం లోపొర క్యాన్సర్‌కూ ముఖద్వారం క్యాన్సర్‌కూ ఒకటే పేరు. భారీ ఒళ్లు, షుగరు, బీపీ ఉన్నవాళ్లకు భయం ఎక్కువ. అత్తకు మూడూ ఉన్నాయి.

పోనీ ఆ ఇంట్లో గర్భసంచి మాట తెలియనిదా? ముప్పై అయిదు దాటని కోడళ్లిద్దరికీ తెల్లబట్ట అవుతోందని ఆపరేషన్ చేయించి తీయించేశారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశమంతటా 3.3 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.7. తీయనక్కర్లేనివి అంత సులువుగా తీయించిన ఇంట్లో, చూపించాల్సినదాన్ని ఎవరూ చూపించలేదు. "ఈ వయసులో ఆ సంచితో నాకేం పని, అదే ఎండిపోతాదిలే" అంది అత్త. బోరు గురించి చెప్పినట్టే చెప్పింది.

రెండేళ్లకు నడుము నొప్పి, వాసన, ఎడమ కాలు వాపు. కర్నూలుకు తీసుకుపోయేసరికి రక్తం ఆరు గ్రాములు. ఆపరేషన్ దశ దాటిందన్నారు. ముందు రక్తం ఎక్కించి, తర్వాత ఆరోగ్యశ్రీ కార్డు మీద ఇరవై అయిదు రోజులు కరెంటు పెట్టారు. రక్తం ఆగింది. ఆ తర్వాత ఆర్నెల్లూ మంచం మీద నుంచే సేద్యం నడిపింది, వక్కాకు సంచి దిండు కింద పెట్టుకుని.

మళ్లీ తిరగబెట్టాక వాసనకు మనుమడు గదిలోకి రావడం మానేశాడు. అదే ఆమెను ఎక్కువ కుంగదీసింది. మెట్రోనిడజోల్ మాత్ర పొడి చేసి ఎట్లా వాడాలో ఒక నర్సమ్మ నేర్పింది. నాలుగు రోజులకు పిల్లోడు మళ్లీ వచ్చి ఆమె మంచమెక్కి పడుకున్నాడు. కాలి కింద దిండ్లు పెట్టి, వేళ్ల నుంచి పైకి పట్టీ చుట్టేదాన్ని. రాగిజావ గిన్నెతో ఇస్తే కక్కేది, గంటకు రెండు చెంచాలిస్తే నిలిచేది. ఇవన్నీ మొదటి రోజే ఎవరన్నా చెప్పి ఉండాల్సింది.

నొప్పికి మాత్రం దారి దొరకలేదు. నాలుగు గంటలకొక మార్ఫిన్ మాత్ర, దాంతోపాటు విరేచనం సాఫీగా అయ్యే మందు ఇస్తే చాలామంది రాత్రిళ్లు నిద్రపోతారు. కానీ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టానికి భయపడి ఆ మాత్రను అప్పట్లో ఉంచేవాళ్లే తక్కువ. ఏ షాపులో అడిగినా నన్ను ఎగాదిగా చూశారు. పార్లమెంటు ఆ చట్టాన్ని సడలించింది 2014లో. అత్త పోయింది 2013 శ్రావణంలో. మదరాసు వ్యాపారిని గడగడలాడించిన గొంతు చివరి వారం పిల్లి కూతంత అయింది.

దినాల నాడు అందరూ భోజనాలకు లేచాక చిన్నత్త నన్ను పిడకల గూడు వెనక్కి పిలిచింది. అక్కడ ఇంకో పేలిక ఆరేసి ఉంది. ఆమెకు అరవై. నేను అప్పుడే కర్నూలు బస్సు టైము చూడబోయాను.

"ఈ కోత అయిపోనీ పాపా, పోదాం" అంది.