పసిడి గనిలో ఒక నిరీక్షణ

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధిలోకి పొద్దున్నే వెళ్తే ఒక పని కంటపడుతుంది. నగలు చేసే కొట్లో ముందురోజు రాలిన దుమ్మునంతా మెత్తగా ఒక మూలకు ఊడుస్తారు. దాన్ని వీధిలో పారబోయరు, డబ్బాకెత్తి దాచిపెడతారు. నెలలు గడిచాక మట్టి కడిగేవాళ్లు వచ్చి కొనుక్కుపోతారు. దాన్ని కడిగి, వడగట్టి, కరిగించి, అందులో చిక్కుకున్న బంగారాన్ని బయటికి తీస్తారు. "ఈ కసువులో కూడా బంగారు ఉండాది సామీ. ఓపిక ఉండాల, అంతే" అన్నాడు నాకు తెలిసిన ఒక పెద్ద ఆచారి.

కోలార్ బంగారు గనులు మూతపడి 2026కి పాతికేళ్లు. 2001 ఫిబ్రవరి 28న ఆ గనుల్లో పని ఆగిపోయింది. నూట ఇరవై ఏళ్లలో అక్కడ దాదాపు 800 టన్నుల బంగారం తీశారని లెక్క. మా ఊళ్లో బంగారం గురించి మాట్లాడుకోని రోజు ఉండదు కాబట్టి ఈ పాతికేళ్ల మాట తలుచుకోకుండా ఉండలేకపోయాను. అయితే నా మనసు పోతున్నది ఆ 800 టన్నుల వైపు కాదు. అదే గనిలో, రెండు కిలోమీటర్లు దాటిన లోతులో, అమ్మడానికీ కొనడానికీ వీల్లేని ఒక వస్తువు దొరికింది. ఆ కథను మన పిల్లలకు ఎవరో ఒకరు చెప్పాలి.

పరుసవేది నుంచి రేకు దాకా

రాయలసీమ మట్టికీ బంగారానికీ సంబంధం చాలా పాతది. కర్నూలు జిల్లా జొన్నగిరినే అశోకుడి కాలపు సువర్ణగిరి అని కొందరు చరిత్రకారులు అంటారు. అనంతపురం వైపు రామగిరిలో, చిత్తూరు వైపు చిగురుగుంట, బిసానత్తంలలో ఒకప్పుడు గనులు నడిచాయి. వేమన పసిడి చేసే విద్య కోసం కొన్నాళ్లు తిరిగాడని, ఆ వెతుకులాటలోంచే యోగి అయ్యాడని మన పల్లెల్లో చెప్పుకునే కథ. ఇనుమును తాకితే బంగారం చేసే పరుసవేది ఎవరికీ దొరకలేదు. కానీ ఒక లోహాన్ని ఇంకో లోహంగా మార్చవచ్చునా అన్న ప్రశ్న మాత్రం వందల ఏళ్లు బతికింది.

ఆ ప్రశ్నకు జవాబు వైపు దారి చూపింది కూడా బంగారమే. 1909లో మాంచెస్టర్‌లో గైగర్, మార్స్‌డెన్ అనే ఇద్దరు పలుచటి బంగారు రేకు మీదికి ఆల్ఫా కణాలను వదిలారు. దాదాపు అన్నీ రేకును దాటి నేరుగా వెళ్లిపోయాయి. వేలల్లో ఒకటి మాత్రం వెనక్కి తిరిగొచ్చింది. ఆ ఒక్కదాన్ని పట్టుకుని రెండేళ్లు ఆలోచించి, పరమాణువు మధ్యలో బరువంతా దాచుకున్న చిన్న కేంద్రకం ఉందని 1911లో శాస్త్రవేత్త రూథర్‌ఫర్డ్ తేల్చాడు. బంగారాన్ని అంత పలుచగా సాగగొట్టవచ్చని మన ఆచారులకు ఎప్పటినుంచో తెలుసు. ఆ రేకులోపల ఇంత ఖాళీ ఉందని మాత్రం ప్రపంచంలో ఎవరికీ తెలియదు.

ఆ మరుసటి ఏడాదే, 1912లో, విక్టర్ హెస్ అనే శాస్త్రవేత్త బెలూన్‌లో పైకెళ్లి, ఆకాశం నుంచి ఏవో కిరణాలు భూమి మీదికి కురుస్తున్నాయని కనిపెట్టాడు. వాటినే కాస్మిక్ కిరణాలు అన్నారు. అవి గాలిని ఢీకొట్టినప్పుడు మ్యూయాన్లనే కణాలు పుడతాయి. మీరిది చదువుతుండగానే మీ అరచేతిలోంచి సెకనుకు ఒకటి చొప్పున మ్యూయాన్లు దూసుకుపోతున్నాయి. వాటితో పాటే న్యూట్రినోలూ పుడతాయి. ఇలాంటి కణం ఒకటి ఉండి తీరాలని 1930లో పౌలీ అనే శాస్త్రవేత్త ఊహించాడు. 1956లో రైనస్, కోవన్ అమెరికాలో అణు రియాక్టర్ పక్కన దాన్ని పట్టుకున్నారు. సూర్యుడి నుంచి వచ్చే న్యూట్రినోలు మన గోరంత చోటులోంచి సెకనుకు ఆరున్నర వేల కోట్లు వెళ్లిపోతుంటాయి. అవి మనల్ని తాకవు, మనకు తెలియవు. భూగోళం అడ్డుపడినా ఆగవు. మరి ఆకాశంలో మ్యూయాన్లతో పాటు పుట్టిన న్యూట్రినోలను పట్టుకోవడం ఎలా?

గని లోపల

కోలార్ గనులు మనకు పరాయివి కావు. కుప్పం దాటితే ఆ ఊరే. అక్కడ వీధిలో తెలుగు, తమిళం, కన్నడం కలగలిసి వినిపిస్తాయి. 1802లో జాన్ వారెన్ అనే సర్వే అధికారి, బంగారం ఆచూకీ చెప్పినవాళ్లకు బహుమతి ఇస్తానని చాటించాడు. పల్లె జనం బండ్ల మీద మట్టి తెచ్చి అతని కళ్లముందే కడిగి, బంగారపు నలుసులు చూపించారు. ప్రొద్దుటూరులో కసువు కడిగేవాళ్ల విద్యే అది. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చాక లోతైన గనులు మొదలయ్యాయి. 1902లో కావేరి మీద శివనసముద్రం నుంచి ఆ గనులకు కరెంటు వచ్చింది. ఇళ్లలో బుడ్డి దీపాలు వెలిగే రోజుల్లో ఆ గనుల్లో బల్బులు వెలిగాయి. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లు దాటి కిందికి దిగింది. ప్రపంచంలోని లోతైన గనుల్లో అదొకటి.

అంత లోతులో పని ఎలా ఉంటుందో పైన కూర్చున్నవాళ్లం ఊహించడం కష్టం. ఇనుప బోనులో నిలబడి చీకట్లోకి జారాలి. దిగేకొద్దీ రాయి వేడెక్కుతుంది. ఒంటి మీద చొక్కా తడిసి ముద్దవుతుంది. పైనున్న కొండంత బరువుకు ఒక్కోసారి రాయి దానంతటదే పేలుతుంది. రాక్ బరస్ట్ అంటే కోలార్ కుటుంబాలకు ఇప్పటికీ గుండె జల్లుమంటుంది. వందలాది మంది కార్మికుల ప్రాణాలు ఆ రాళ్ల కింద పోయాయి.

అలాంటి చోటికి 1951లో ఒక యువకుడు పరికరాలతో దిగాడు. పేరు బి.వి. శ్రీకంఠన్. అప్పటికి టాటా మౌలిక పరిశోధనా సంస్థ పుట్టి ఆరేళ్లే. దాని స్థాపకుడు హోమీ భాభా, లోతుకు వెళ్లేకొద్దీ మ్యూయాన్లు ఎలా తగ్గుతాయో కొలవమని ఆయన్ను పంపాడు. రాయే ఇక్కడ జల్లెడ. రాయి ఎంత మందంగా ఉంటే అంత ఎక్కువ మ్యూయాన్లు దారిలోనే ఆగిపోతాయి. పదేళ్ల పాటు ఒక్కో లోతులో కొలుచుకుంటూ కిందికి దిగారు.

అరవైల మొదట్లో జపాన్‌కు చెందిన మియాకే, ఇక్కడి వి.ఎస్. నరసింహం, పి.వి. రమణమూర్తి 2,700 మీటర్లు దాటిన లోతులో పరికరం పెట్టారు. మన చెవికి సొంతంగా వినిపించే ఆ చివరి రెండు పేర్లూ గుర్తుపెట్టుకోదగినవి. ముగ్గురూ రెండు నెలలు చూశారు. ఒక్క మ్యూయాన్ కూడా రాలేదు. లెక్క సున్నా.

నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే. రెండు నెలలు ఆ వేడిలో, ఆ చీకట్లో కాపలా కాసి సున్నా రాసుకోవడమంటే ఇంకొకరైతే పని చెడిపోయిందనుకునేవాళ్లు. వీళ్లు దాన్ని వేరేగా చదివారు. ఇక్కడ గోల లేదు. ఆకాశం నుంచి వచ్చే మ్యూయాన్లన్నీ రాయి మింగేసింది. ఇంత నిశ్శబ్దంలో ఏదైనా చప్పుడు వినిపిస్తే అది న్యూట్రినోదే అయి ఉండాలి. సంతలో సూది పడితే వినబడదు. నడిరేయి గుడిలో పడితే వినబడుతుంది.

చాంపియన్ రీఫ్ గనిలోని హీత్‌కోట్ షాఫ్ట్‌లో 2,300 మీటర్ల లోతున ప్రయోగశాల కట్టారు. టాటా సంస్థ, జపాన్‌లోని ఒసాకా, ఇంగ్లండ్‌లోని డరమ్ విశ్వవిద్యాలయాలు కలిసి చేసిన పని అది. ఎం.జి.కె. మీనన్, శ్రీకంఠన్, మియాకే, వుల్ఫెండేల్ ముందుండి నడిపించారు. పరికరాలను పైకప్పులా పరవలేదు, గోడల్లా నిలబెట్టారు. కణం తాకగానే మెరిసే ప్లాస్టిక్ పలకలు రెండు పక్కలా, మధ్యలో నియాన్ గొట్టాల వరుసలు, సీసపు పలకలు. కణం ఏ గొట్టాల గుండా పోతే అవి వెలుగుతాయి, కెమెరా ఫొటో తీస్తుంది. దారి ఫొటోలో గీతలా కనబడుతుంది.

గోడల్లా ఎందుకు నిలబెట్టారంటే, పైనుంచి నిటారుగా ఒకటీ అరా మ్యూయాన్ రావచ్చు. పక్కల నుంచి అడ్డంగా రావాలంటే మాత్రం అది ఎన్నో కిలోమీటర్ల రాయి దాటాలి, దాటలేదు. కాబట్టి అడ్డంగా వచ్చిన గీత కనబడితే, ఒక న్యూట్రినో ఎక్కడో దగ్గరి రాయిలో పరమాణువును ఢీకొట్టి మ్యూయాన్‌ను పుట్టించిందన్న మాట. నాకు భౌతికశాస్త్రంలో పెద్ద చదువు లేదు. కానీ ఈ తర్కం మొదటిసారి అర్థమైన రోజు రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు.

1965లో ఆ అడ్డ గీత కనిపించింది. అప్పుడే దక్షిణాఫ్రికాలో ఇంకో బంగారు గనిలో, మూడు కిలోమీటర్లు దాటిన లోతున, అదే రైనస్ తన బృందంతో కాపు కాస్తున్నాడు. మొదటి జాడ ఫిబ్రవరిలో వాళ్లకే కనబడింది. అచ్చులో మాత్రం కోలార్ బృందమే ముందు. ఆగస్టులో వీళ్ల వ్యాసం వెలువడిన రెండు వారాలకు వాళ్లది వచ్చింది. ఎవరు ముందన్న తగవు వాళ్ల మధ్య లేదు. గాలిలో పుట్టిన న్యూట్రినోను మానవజాతి మొదటిసారి చూసిన రెండు చోట్లూ బంగారు గనులే. అందులో ఒకటి మన పొరుగునే ఉంది.

తర్వాతి రోజులు

ఇక్కడి దాకా కథ చక్కగా నడిచింది. ఆ తర్వాత దారులు చీలిపోయాయి. ఎనభైల్లో అదే గనిలో 140 టన్నుల ఇనుప పరికరం పెట్టి ప్రోటాన్ దానంతటదే విచ్ఛిన్నమవుతుందా అని చూశారు. కొన్ని ఆనవాళ్లు దొరికాయనుకున్నారు, ఇతర దేశాల్లోని పెద్ద పరికరాలు వాటిని ధ్రువపరచలేదు. తొంభైల్లో ప్రయోగాలు ముగిశాయి, తర్వాత గనే మూతపడింది. 1998లో జపాన్‌లోని సూపర్ కమియోకాండే అనే పరిశోధనాలయం, గాలిలో పుట్టిన న్యూట్రినోలు దారిలో రూపం మార్చుకుంటాయని చూపించింది. దానికి 2015లో నోబెల్ వచ్చింది. కోలార్ వాళ్లు మొదట చూసిన న్యూట్రినోలే అవి.

అదే ఏడాది జనవరిలో మన కేంద్ర ప్రభుత్వం తమిళనాడులోని తేని జిల్లాలో సుమారు 1,500 కోట్లతో న్యూట్రినో పరిశోధనాలయానికి ఆమోదం తెలిపింది. అక్కడి జనం భయాలు, అభ్యంతరాలు, అనుమతుల చిక్కులు దాన్ని ముందుకు కదలనివ్వలేదు. జనానికి ముందు చెప్పాల్సినవి చెప్పకుండా విజ్ఞానశాస్త్రం కొండలోకి దిగలేదని అది నేర్పింది. మా పులివెందుల పక్కన తుమ్మలపల్లెలో 2012 నుంచి యురేనియం తీస్తున్నారు. చుట్టుపక్కల రైతులు బోరునీళ్ల గురించి ప్రశ్నలు అడుగుతూనే ఉన్నారు. యురేనియం దేశానికి కావాలి, ఆ రైతుకు జవాబూ కావాలి. కొలిచి, కొలిచినది దాచకుండా చెప్పడమే దానికి దారి. అక్కడ కోలార్‌లో కొండల్లా పేరుకున్న తెల్లటి గని వ్యర్థాల పక్కన ఇంకా మనుషులు బతుకుతున్నారు. వాళ్ల కష్టం కలపకుండా ఈ కథ పూర్తి కాదు.

ఇదంతా మనకెందుకన్న ప్రశ్న రావచ్చు. జమ్మలమడుగులో లండన్ మిషన్ వాళ్ల కాలంలో కాంబెల్ పేరుతో వెలసిన ఆసుపత్రికి ఒకప్పుడు పల్లెల నుంచి ఎద్దుల బండ్లలో రోగులొచ్చేవారని మా పెద్దలు చెప్పేవారు. ఈరోజు మా ఊరి మనిషికి క్యాన్సర్ అనుమానం వస్తే వేలూరో, బెంగళూరో, హైదరాబాదో రాత్రి బస్సు ఎక్కుతాడు. అక్కడ తీసే పెట్ స్కాన్‌లో పనిచేసేది పాజిట్రాన్ అనే కణం. 1932లో ఆండర్సన్ కాస్మిక్ కిరణాల్లోనే దాన్ని మొదట చూశాడు. సైక్లోట్రాన్ అనే యంత్రంలో తయారైన ఫ్లోరిన్-18ను చక్కెరలాంటి మందుకు తగిలించి నరానికి ఎక్కిస్తారు. కణితి ఆకలిగా దాన్ని పీల్చుకుంటుంది, అక్కడ పాజిట్రాన్లు వెలువడి జాడ చెబుతాయి. ఆ మందు 110 నిమిషాలకు సగమైపోతుంది. అయిదున్నర గంటలకు మిగిలేది ఎనిమిదో వంతే. అందుకే మందు మన దగ్గరికి సులువుగా రాలేదు, మనిషే దాని దగ్గరికి పోవాలి. ఒక కాలంలో రేడియోధార్మిక బంగారాన్ని, బంగారం-198ని, క్యాన్సర్ చికిత్సకు వాడేవారు. ఆకాశంలో ఏం కురుస్తోందని అడిగినవాళ్లెవరూ ఆసుపత్రిని తలుచుకుని అడగలేదు. జవాబు మాత్రం ఆసుపత్రి దాకా వచ్చింది.

పరుసవేది సంగతీ తేలింది. 2025లో స్విట్జర్లాండ్‌లోని సెర్న్ శాస్త్రవేత్తలు, సీసపు కేంద్రకాలు ఒకదాని పక్కగా ఒకటి మహావేగంతో పోతున్నప్పుడు బంగారం పుట్టిందని లెక్కగట్టి చెప్పారు. 2015 నుంచి 2018 దాకా పుట్టినదంతా కలిపితే 29 పికోగ్రాములు. ఆచారి తూకంలో వేసే గురివింద గింజ బరువులో దాదాపు నాలుగు వందల కోట్లలో ఒక వంతు. అదీ క్షణమాత్రం ఉండి చెదిరిపోయింది. ఈ మాట చెప్పినప్పుడు ఆచారి నవ్వలేదు. "అంత చిన్నది ఎట్ల తూచినారు?" అని అడిగాడు. ఒక శాస్త్రవేత్త అడగాల్సిన ప్రశ్న అది.

ఇప్పుడు మా చుట్టూ చదువుల గడపలు తక్కువేం లేవు. కడపలో వేమన పేరుతోనే 2006లో విశ్వవిద్యాలయం వెలసింది. ప్రొద్దుటూరులో ఇంజనీరింగ్, పశువైద్య కళాశాలలు, పులివెందులలో ఇంజనీరింగ్ కళాశాల ఉన్నాయి. వాటిలో చదివే పిల్లలను నేను కలుస్తుంటాను. ప్రాక్టికల్ రికార్డులో రావాల్సిన విలువ రాకపోతే పక్కవాడి పుస్తకం చూసి రాసుకుంటామని కొందరు దాచకుండా చెబుతారు. తప్పు వాళ్లది కాదు. సున్నా రాస్తే మార్కులు పోతాయని మనమే నేర్పాం.

కోలార్ గనిలో ఆ ముగ్గురూ రెండు నెలలు చూసి సున్నా అని రాశారు. అక్కడ రెండో మూడో రాసి ఉంటే, అలాంటి లోతు న్యూట్రినోను పట్టుకోవడానికి తగినదని ఎవరికీ తెలిసేది కాదు. పరికరం సరిగ్గా ఉందని తేల్చుకున్నాక సున్నా వస్తే సున్నా అనే రాయమని, దాని కింద సంతోషంగా సంతకం పెట్టే ఒక మాస్టరు మా ప్రొద్దుటూరులో ఉంటే చాలు.