గ్రెగరీ పెక్ పక్కన ఒక బర్మా అమ్మాయి

గ్రెగరీ పెక్ అంటే మనవాళ్ళకి మెకన్నాస్ గోల్డ్, గన్స్ ఆఫ్ నవరోన్. మెత్తని మనసున్న వాళ్ళకి రోమన్ హాలిడే. రోమన్ హాలిడే వచ్చిన మరుసటి ఏడాది, 1954లో, ఆయన నటించిన బ్రిటిష్ సినిమా ఒకటి విడుదలైంది. పేరు ‘ద పర్పుల్ ప్లెయిన్’. అందులో ఆయన పక్కన కథానాయిక బర్మా మనిషే. పేరు విన్ మిన్ థాన్. ఆమె చేసిన సినిమా అదొక్కటే.

నేనుంటున్న ఈ బర్మా సంగతి ఏమిటని ఇంటి దగ్గరివాళ్ళు ఫోన్లలో అడుగుతుంటారు. రాజవంశాలతో మొదలుపెడితే వినేవాళ్ళు ఉండరు. అందుకని ఈమె దగ్గర మొదలుపెడతాను.

హెచ్.ఇ. బేట్స్ నవలకి ఎరిక్ ఆంబ్లర్ స్క్రీన్‌ప్లే రాస్తే రాబర్ట్ పారిష్ తీశాడు. లండన్ బాంబుదాడిలో భార్యని పోగొట్టుకుని, చావుకి ఎదురెళ్ళే ఒక విమాన చోదకుడు బర్మా యుద్ధరంగంలో ఉంటాడు. మిషనరీల ఊళ్ళో అన్నా అనే అమ్మాయి పరిచయమై, మళ్ళీ బతకాలనిపిస్తుంది. అంతలో విమానం జపాన్ వాళ్ళ ఆధీనంలో ఉన్న ఎడారిలాంటి నేల మీద కూలుతుంది. అక్కణ్ణుంచి నడిచి రావాలి. అన్నాకి మాటలు తక్కువ. చూపులతోనే నెట్టుకొచ్చింది, బాగా నెట్టుకొచ్చింది. అయినా ఆ ఊళ్ళో బర్మావాళ్ళకి ఉన్న పనల్లా ప్రార్థనలు చేయడం, కనికరం చూపడం. యుద్ధం మాత్రం తెల్లవాళ్ళదీ జపాన్ వాళ్ళదీ.

చిత్రీకరణ బర్మాలో కాదు, సిలోన్‌లో. ఇది ఈ దేశానికి అలవాటైపోయిన రాత. 1957 నాటి ‘బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్’ కూడా సిలోన్‌లోనే తీశారు. ఆ కథలో జపాన్ వాళ్ళు వేయించే బర్మా రైలుమార్గం కోసం మలయా తోటల నుంచి తోలుకెళ్ళిన తమిళులు, వాళ్ళతోపాటు మన తెలుగువాళ్ళు, వేలల్లో చచ్చిపోయారు. ఆ సినిమాలో వాళ్ళ జాడ ఉండదు. 1995లో ‘బియాండ్ రంగూన్’ మలేసియాలో తీశారు. మనమూ తక్కువ తినలేదు. ‘రంగూన్ రౌడీ’ అని నాటకం ఆడుకున్నాం, 1979లో కృష్ణంరాజుతో సినిమా తీసుకున్నాం.

అసలు కథ విన్ మిన్ థాన్ ఇంట్లో ఉంది. భర్త పేరు బో సెట్‌క్యా. ఇక్కడ ‘ముప్పై మంది సహచరులు’ అంటే బడిపిల్లలకి కూడా తెలుసు. స్వాతంత్ర్య నాయకుడు ఆంగ్ సాన్ వెంట రహస్యంగా దేశం దాటి, హైనాన్ ద్వీపంలో జపాన్ సైన్యం దగ్గర యుద్ధవిద్య నేర్చుకున్న కుర్రాళ్ళు. 1941 డిసెంబరులో బ్యాంకాక్‌లో తమ రక్తం ఒకే గిన్నెలో కలుపుకుని తాగి ప్రమాణం చేశారు, కొత్త పేర్లు పెట్టుకున్నారు. తఖిన్ ఆంగ్ థాన్ అనే అతను బో సెట్‌క్యా అయ్యాడు. పోస్టాఫీసు గుమాస్తాగా చేసిన షూ మాంగ్ నే విన్ అయ్యాడు. జపాన్ వాళ్ళతో కలిసి బ్రిటిష్ వాళ్ళని తరిమారు. 1945 మార్చి 27న జపాన్ మీదికే తుపాకులు తిప్పారు. ఇప్పటికీ సైనిక దినోత్సవం ఆ రోజే. 1948 జనవరి 4న స్వతంత్రం వచ్చింది. ఇదంతా అయిన ఆరేళ్ళకి, ఆ ముప్పై మందిలో ఒకడి భార్య బ్రిటిష్ సినిమాలో బ్రిటిష్ వాళ్ళ యుద్ధాన్ని ఓదార్చే అమ్మాయిగా నటించింది. సినిమాలో ఈ ముప్పై మంది ఊసే లేదు.

మనవాళ్ళ సంగతి కూడా ఆ యుద్ధంలోనే ఉంది. 1930లలో రంగంలో, అంటే రంగూన్‌లో, సగానికి పైగా జనం భారతీయులే. రేవులో బరువులు మోసినవాళ్ళలో తెలుగువాళ్ళు ఎక్కువ. 1930 మేలో వాళ్ళకీ బర్మా కూలీలకీ పని దగ్గర మొదలైన గొడవ ఊరంతా నెత్తురు పారించింది. 1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు పడ్డాక, ఓడ దొరకనివాళ్ళు అడవుల దారిన నడిచి ఇంటిముఖం పట్టారు. పెక్ తెర మీద నడిచింది చూసినప్పుడు నాకు వాళ్ళే గుర్తొస్తారు.

ఇంకొక ఆమె ఉంది. జూన్ రోజ్ బెల్లమీ. తల్లి బర్మా రాజవంశపు ఆడపడుచు, తండ్రి ఆస్ట్రేలియన్. అన్నా వేషం ముందు ఈమె దగ్గరికే వెళ్ళిందనీ, ఆమె వదులుకుందనీ చెబుతారు. ఇటలీ డాక్టర్ని పెళ్ళాడి వెళ్ళిపోయింది. 1976లో తిరిగొచ్చి పెళ్ళి చేసుకున్నది ఎవర్నో తెలుసా? నే విన్‌ని. అప్పటికి అతనే ఈ దేశానికి సర్వాధికారి. ఆ కాపురం కొద్ది నెలలే నిలిచింది. ఆమె మళ్ళీ ఇటలీ చేరి, 2020లో ఫ్లోరెన్స్‌లో పోయింది.

1962 మార్చి 2న నే విన్ ప్రభుత్వాన్ని కూలదోసినప్పుడు, ఒకే గిన్నెలో రక్తం తాగినవాళ్ళు రెండుగా చీలారు. బో సెట్‌క్యా ఎదురుతిరిగి సరిహద్దు దాటాడు, 1969లో థాయ్‌లాండ్‌లో చనిపోయాడు. 1964లో నే విన్ సర్కారు కొట్లు జాతీయం చేసింది, యాభై, వంద చాట్ల నోట్లు చెల్లవంది. మనవాళ్ళు రెండోసారి ఓడలెక్కింది అప్పుడే. విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అలా పుట్టిందే.

‘ద పర్పుల్ ప్లెయిన్’లోని తక్కిన నటుల్ని చూడండి. బెర్నార్డ్ లీ జేమ్స్ బాండ్ పై అధికారి ‘ఎం’ అయ్యాడు. మారిస్ డెన్‌హామ్ బ్రిటిష్ టీవీలో దశాబ్దాలు నటించాడు. విన్ మిన్ థాన్ కూడా ఇంగ్లండులో ఉండిపోయి ఉంటే టీవీలో ఎన్ని వేషాలు దొరికేవో. ఇక్కడ టీవీ వచ్చిందే 1980లో, అదీ సర్కారు టీవీ. 2021 ఫిబ్రవరిలో సైన్యం మళ్ళీ గద్దెనెక్కాక, ఏప్రిల్‌లో ఆ టీవీ రాత్రి వార్తల్లో సినిమా తారల ఫొటోలు వరసగా చూపించింది. సైన్యానికి ఎదురు లేచిన ఉద్యమాన్ని బలపరిచినందుకు శిక్షాస్మృతి 505ఏ సెక్షన్ కింద అరెస్టు చేయాల్సిన వాళ్ళ జాబితా అది.