ఎర్ర తాళంచెవి, అయిదంకెల కార్డు

1886 జనవరి 29న కార్ల్ బెంజ్ జర్మనీలో తన మూడు చక్రాల బండికి పేటెంటు కోసం దరఖాస్తు పెట్టాడు. ఆ లెక్కన 2026 జనవరికి కారుకు 140 ఏళ్లు నిండాయి. సరిగ్గా వందేళ్ల తర్వాత, 1986 మోడల్ షెవర్లే కొర్వెట్‌తో, తాళం పెట్టిందెవరో ఆరా తీసే కారు రోడ్డెక్కింది. దానికిది నలభయ్యో ఏడు. ఈ పండగ పూట అందరూ ఇంజిన్ల గురించి, వేగాల గురించి రాస్తారు. నేను తాళంచెవి గురించి రాస్తాను. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్ల కష్టం చాలాసార్లు అక్కడే మొదలవుతుంది. సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు. మీటర్ల మధ్య తాళంచెవి బొమ్మ దీపం టకటకా కొట్టుకుంటుంది. మెకానిక్ వచ్చి చూసి, "ఇమ్మొబిలైజర్ అండీ, ఇది నా పని కాదు" అనేసి పానాలు సర్దుకుంటాడు.

దొంగను ఆపడానికి పెట్టిన ఏర్పాటు, డబ్బు పోసి కొన్న మనిషిని నడిరోడ్డు మీద ఆపేస్తుంది. దీనికి మందు 1990ల్లోనే ఒకచోట తయారైంది. ఇంత మంచి మందును మనం మరిచిపోయామన్నదే నా బాధ.

తాళం లేని కాలం

బెంజ్ బండికి తాళమే లేదు. వెనకున్న పెద్ద చక్రాన్ని చేత్తో తిప్పితే ఇంజిన్ అందుకునేది. 1888లో ఆయన భార్య బెర్తా, భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు వెళ్లిపోయింది. ఆమెను ఆపే తాళం ఆ బండికి లేకపోవడం చరిత్రకు మంచిదే అయింది.

కోటిన్నరకు పైగా అమ్ముడైన ఫోర్డ్ మోడల్ టీకి తాళం వచ్చింది గానీ, అది పేరుకే. 51 నుంచి 74 వరకు నంబర్లు వేసిన 24 రకాల తాళంచెవులతోనే లక్షల బళ్లు తిరిగాయి. ఒకరి తాళం ఊళ్లో ఇంకొకరి బండికి పట్టడం వింతేమీ కాదు. అమెరికా 1919లోనే కార్ల దొంగతనం మీద జాతీయ చట్టం తేవాల్సి వచ్చింది. 1912లో కాడిలాక్ కార్లకు చార్లెస్ కెటరింగ్ రూపొందించిన సెల్ఫ్ స్టార్టర్ వచ్చి, హ్యాండిల్ కొట్టే బాధ తప్పించింది. 1949లో క్రైస్లర్ సంస్థ తాళం తిప్పగానే ఇంజిన్ స్టార్టయ్యే పద్ధతి తెచ్చింది. 1970 నుంచి అమెరికాలో స్టీరింగుకూ తాళం పడింది. ఇన్ని దశాబ్దాల్లో మారనిది ఒక్కటే. బండి చూసేది లోహపు పళ్లనే. ఆ పళ్ల ఆకారం సరిపోతే చాలు, తిప్పిన చెయ్యి ఎవరిదైనా దానికి ఒకటే. తాళం కూడా లేనివాడు రెండు వైర్లు కలిపి బండి తోలుకుపోయేవాడు.

1986 కొర్వెట్ తాళంచెవి కాడలో జనరల్ మోటార్స్ ఒక చిన్న నల్లటి రెసిస్టరు పొదిగింది. తాళం దూర్చగానే బండి దాని విలువను కొలుస్తుంది. 402 ఓమ్‌ల నుంచి 11,800 ఓమ్‌ల దాకా మొత్తం 15 విలువలు. తన విలువ తేలకపోతే సెల్ఫూ తిరగదు, పెట్రోలూ అందదు. కొన్ని నిమిషాలు ఆగి మళ్లీ ప్రయత్నించాల్సిందే. దొంగలకు అది గట్టి దెబ్బే. కానీ ఏళ్లు గడిచేకొద్దీ స్టీరింగు కాలమ్ లోపలి సన్నని తీగలు అరిగి తెగడం మొదలైంది. అసలు తాళంచెవి చేతిలో ఉన్నా బండి కదిలేది కాదు. అప్పటికి ఆ బళ్లు రెండో చేతికో మూడో చేతికో మారి ఉండేవి. మల్టీమీటరుతో తాళంచెవి విలువ కొలిచి, అదే విలువున్న రెసిస్టరును వైర్లకు అతికించి, ఆ కాపలాను శాశ్వతంగా నిద్రపుచ్చిన ఆటో ఎలక్ట్రీషియన్లు అమెరికాలో ఎందరో. సెకండ్ హ్యాండ్ కారులో ఇమ్మొబిలైజర్ తగాదా ఇమ్మొబిలైజర్‌తోనే పుట్టింది.

ట్యూరిన్ వాళ్ల తెలివి

1990ల మొదట్లో యూరప్‌లో కార్ల దొంగతనాలు విపరీతంగా పెరిగాయి. జర్మనీలో బీమా సంస్థలు పట్టుబట్టాయి. చివరికి యూరోపియన్ యూనియన్ 1998 అక్టోబరు నుంచి అమ్మే కొత్త కార్లన్నింటికీ ఎలక్ట్రానిక్ ఇమ్మొబిలైజర్ తప్పనిసరి చేసింది. ఈలోగా ఒక్కో కంపెనీ ఒక్కో దారి వెతుక్కుంది. ప్యూజో, సిట్రోయెన్ కొన్ని మోడళ్లకు డ్రైవరు ముందు నంబర్ల మీటలు పెట్టాయి. బండి తీసిన ప్రతిసారీ నాలుగంకెలు నొక్కాలి. తక్కినవాళ్లు తాళంచెవి తలలో బియ్యపు గింజ కంటే కాస్త పెద్దదైన చిప్ దాచారు. దానికి బ్యాటరీ ఉండదు. తాళం పెట్టే చోట చుట్టిన తీగచుట్ట నుంచి రేడియో తరంగం వస్తే, ఆ శక్తితోనే చిప్ ప్రాణం పోసుకుని తన సంకేతం చెబుతుంది. అది సరిపోతే ఇంజిన్‌ను నడిపే ఈసీయూకు అనుమతి వెళుతుంది.

ఇటలీలో ట్యూరిన్ నగరపు ఫియట్ ఇంజనీర్లూ ఈ దారే పట్టారు. ఆ ఏర్పాటు పేరు ఫియట్ కోడ్. అయితే వాళ్లు ఒక ప్రశ్న సూటిగా వేసుకున్నారు: చిప్ పాడైతే, తీగచుట్ట తెగితే, నడిదారిలో ఆ యజమాని గతేమిటి?

కొత్త ఫియట్ కొన్నవాళ్ల చేతికి రోజువారీ వాడకానికి నీలం తాళంచెవులు, వాటితో పాటు ఒక ఎర్రది ఇచ్చేవారు. ఎర్రది పెద్ద తాళం. దాన్ని ముందుగా పెట్టి తిప్పి తీసి, వెంటవెంటనే కొత్త తాళంచెవులు పెట్టి తిప్పితే బండి వాటిని గుర్తుపెట్టుకునేది. షోరూమూ అక్కర్లేదు, కంప్యూటరూ అక్కర్లేదు, ఇంటి ముందే పని అయిపోతుంది. వీటికి తోడు ఒక చిన్న కార్డు. దాని మీద రెండు సంఖ్యలు. ఒకటి తాళంచెవి పళ్లు కోయడానికి. రెండోది అయిదంకెల ఎలక్ట్రానిక్ కోడ్.

ఆ అయిదంకెలతో పని జరిగే తీరు నాకు ఎంతో ఇష్టం. బండి తాళంచెవిని గుర్తుపట్టడం మానేసిందనుకోండి. తాళం ఆన్‌లో పెట్టి యాక్సిలరేటరును అడుగంటా తొక్కిపట్టాలి. ఇంజెక్షన్ దీపం ఎనిమిది సెకన్లు వెలిగి ఆరుతుంది. అప్పుడు కాలు తీయాలి. దీపం ఒక్కొక్కటిగా మిణుకుతుంది. కోడ్‌లో మొదటి అంకె మూడైతే మూడు మిణుకులు లెక్కపెట్టి, వెంటనే మళ్లీ తొక్కాలి. దీపం నాలుగు సెకన్లు నిలకడగా వెలిగి ఆరుతుంది. ఆ అంకె బండి తీసుకున్నట్టు. మళ్లీ కాలు తీయాలి, రెండో అంకె లెక్కపెట్టాలి. అలా అయిదూ అయ్యాక దీపం గబగబా కొట్టుకుంటే సరే అన్నట్టు. ఇక తాళం తిప్పితే ఇంజిన్ అందుకుంటుంది. మధ్యలో ఒక్క అంకె తప్పినా తాళం ఆపి మొదటికి రావాల్సిందే. ఇంజిన్ ఆపిన ప్రతిసారీ ఈ తంతు మళ్లీ చేయాలి. కష్టమే. కానీ చీకట్లో, వానలో, ఫోను కూడా లేని దారిలో బండి ఇంటికి చేరుతుంది.

దీనికోసం బండిలో కొత్తగా అమర్చింది ఏమీ లేదు. కాలు ఎంత తొక్కిందో కొలిచే సెన్సరు ఇంజిన్‌కు ముందే ఉంది. హెచ్చరిక దీపం ముందే ఉంది. ఉన్నవాటితోనే బండికీ మనిషికీ మధ్య ఒక సంభాషణ పెట్టారు. అడిగేది దీపం, బదులిచ్చేది పాదం. వాహన చరిత్రలో యజమాని మీద ఇంతటి గౌరవం చూపిన ఏర్పాటు నాకు మరొకటి కనబడలేదు.

ఆ కార్డును బండిలో వదిలేయకండి, మీ దగ్గరే ఉంచుకోండి అని ఫియట్ పుస్తకం చెప్పేది. బండి అమ్మేటప్పుడు తాళంచెవులన్నీ, కార్డూ కొత్త యజమానికి అప్పగించాలని కూడా అందులోనే రాశారు. పాటించినవాళ్లు తక్కువ. మొదటి యజమాని ఎర్ర తాళంచెవిని బీరువాలో భద్రంగా దాచి, బండి అమ్మే రోజున మరిచిపోయేవాడు. కార్డు పాత రశీదులతో కలిసి చెత్తలోకి పోయేది. మూడో యజమానికి దక్కేది అరిగిన నీలం తాళంచెవి ఒక్కటే. ఎర్రది పోతే బండికి కొత్త తాళం నేర్పే దారే మూసుకుపోయేది. కంట్రోల్ యూనిట్లు మార్చాల్సి వచ్చేది. పాతబడ్డ బండికి ఆ ఖర్చు భారమే. అందుకే తర్వాతి తరంలో ఎర్ర తాళంచెవిని తీసేసి కార్డును ఉంచారు. 2001లో సచిన్ టెండూల్కర్ ప్రచారంతో మన దేశంలో అడుగుపెట్టిన పాలియోలోనూ ఫియట్ కోడ్ ఉంది. ఇప్పటికీ ఆ బండిని ప్రాణంగా చూసుకునేవాళ్లు తెలుగు ఊళ్లలో ఉన్నారు. కార్డు ఉందో లేదో ఒకసారి బీరువా వెతకండి.

బండి మూడో చేతికి వచ్చాక

ఏ కంపెనీ బండికైనా ఇమ్మొబిలైజర్ దీపం కొట్టుకోవడం మొదలైతే కంగారుపడి వేలు ఖర్చుపెట్టకండి. మొదట చూడాల్సింది బ్యాటరీ. సెల్ఫ్ కొట్టినప్పుడు వోల్టేజీ బాగా పడిపోతే, చిప్ చెప్పింది కంట్రోల్ యూనిట్‌కు అందదు. పాత బ్యాటరీ, తుప్పు పట్టిన ఎర్త్ వైరు ఇమ్మొబిలైజర్ రోగంలా కనబడతాయి. రెండోది, ఇంకో తాళంచెవితో ప్రయత్నించడం. దానితో స్టార్టయితే తప్పు మొదటి చిప్‌ది. రెండింటితోనూ కాకపోతే తీగచుట్టనో దాని కనెక్టరునో అనుమానించాలి. ఒకే రింగులో రెండు చిప్ తాళాలుంటే ఒకదాని సంకేతానికి ఇంకొకటి అడ్డుపడవచ్చు. విడదీసి చూడండి.

మన దగ్గర ఎక్కువగా జరిగే పొరపాటు తాళంచెవి పైతొడుగుతో. పగిలిన తొడుగు మార్పించడానికి రోడ్డు పక్క దుకాణంలో ఇస్తాం. పళ్ల కాడను కొత్త తొడుగులోకి మారుస్తారు, పాతది పారేస్తారు. అందులో ఒక మూలన నల్లటి చిన్న ముక్కలా చిప్ ఉంటుంది. కొత్త తాళంతో తలుపు తెరుచుకుంటుంది, సెల్ఫూ తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. కొన్ని బళ్లలో ఒక్క క్షణం అందుకుని ఆగిపోతుంది. పాత తొడుగు ఎప్పుడూ అడిగి తీసుకోండి.

ఇవన్నీ చూశాకే స్కానరు పెట్టించాలి. ఎక్కడో విప్పిన ఈసీయూ తెచ్చి బిగిస్తానంటే తొందరపడి ఒప్పుకోకండి. అది తన పాత బండి తాళాన్నే అడుగుతుంది, కొత్త తగాదా మొదలవుతుంది.

ఆ తర్వాత అంతా గజిబిజి

ఇంతవరకు తిన్నగా నడిచిన కథ ఇక్కడి నుంచి చిక్కుపడుతుంది. ఇమ్మొబిలైజర్ ఫలితమివ్వలేదని అనలేం. నెదర్లాండ్స్ లెక్కలు పరిశీలించిన ఆర్థికవేత్తలు వాన్ ఊర్స్, వొల్లార్డ్, 1995-2008 మధ్య దీనివల్ల కార్ల దొంగతనాలు సగటున 40 శాతం తగ్గాయని తేల్చారు. మరోపక్క 2005లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం, ఆర్‌ఎస్‌ఏ ల్యాబ్స్ పరిశోధకులు 40 బిట్ల చిప్ రహస్యాన్ని ఛేదించి, తమ సొంత ఫోర్డ్ ఎస్కేప్‌ను స్టార్ట్ చేసి చూపించారు. 2013లో మెగామోస్ అనే చిప్ లోపాలు బయటపెట్టబోయిన ముగ్గురు పరిశోధకులను ఫోక్స్‌వాగన్ లండన్ హైకోర్టులో అడ్డుకుంది. 2015లో ఒక్క వాక్యం తీసేశాక ఆ పత్రం వెలుగు చూసింది. అమెరికాలో హ్యుందాయ్, కియా చాలా మోడళ్లకు ఇమ్మొబిలైజరే పెట్టలేదు. 2015 మోడళ్లలో మిగతా కంపెనీల బళ్లలో 96 శాతానికి అది తప్పనిసరిగా అమర్చి ఉంటే, వీళ్లవాటిలో 26 శాతానికే. 2022లో టిక్‌టాక్ చూసి పిల్లలు సైతం యూఎస్‌బీ ముక్కతో ఆ కార్లు ఎత్తుకుపోయారు. 2007 సెప్టెంబరు నుంచే చట్టం ఉన్న కెనడాలో అవే కంపెనీల కార్లు చెక్కుచెదరలేదు.

ఇప్పుడు తాళంచెవి జేబులోనే ఉంటుంది, బటన్ నొక్కితే ఇంజిన్ మొదలవుతుంది. జేబులోని దాని సంకేతాన్ని దూరం నుంచే బండికి చేరవేసి ఎత్తుకుపోయే దొంగలూ తయారయ్యారు. దాని బ్యాటరీ అయిపోతే చాలా మోడళ్లలో దాన్ని స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కితే పని జరుగుతుంది. బ్యాటరీ అక్కర్లేని పాత చిప్ లోపలే ఉంది మరి. ఈ సంగతి బండి అమ్మేవాళ్లు ముందుగా చెప్పాలి. కొత్త తాళం నేర్పాలంటే మాత్రం చాలా బళ్లలో కంపెనీ సర్వరు అనుమతి కావాలి. యజమాని చేతిలో ఉండాల్సిన అధికారం సర్వీసు సెంటరుకు, అక్కడి నుంచి ఎక్కడో ఉన్న కంప్యూటరుకు జారిపోయింది.

2022 డిసెంబరు 24న మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు పోర్టల్ మొదలుపెట్టింది. అందులో వాహన రంగమూ ఉంది. అది మంచి ఆరంభం. అయితే నేను కోరేది ఇంకా చిన్నది, ఇంకా తేలికైనది. బండి చేతులు మారేటప్పుడు ఫారం 29, ఫారం 30 నింపుతాం. ఆర్‌సీ చూస్తాం, బీమా చూస్తాం, టైర్లు తన్ని చూస్తాం. తాళంచెవులు ఎన్ని, కోడ్ ఎక్కడ అని అడిగేవాళ్లు అరుదు. ఆ ఫారాల్లో దానికొక గడి ఉండాలి. కొనేవాళ్లు రెండు తాళాలతోనూ బండి స్టార్ట్ చేయించి చూసి, కోడ్ కాగితం చేతికొచ్చాకే మిగతా సొమ్ము ఇవ్వాలి. కంపెనీలు కూడా ఆర్‌సీలో పేరున్న మనిషికి, అది ఎన్నో చేయి అయినా, తన బండి కోడ్ ఇచ్చి తీరాలి. అయిదంకెలున్న చిన్న కార్డుతో ట్యూరిన్‌లో 1990ల్లోనే చేసి చూపించిన పని, ఇవాళ చేయలేమంటే నేను ఒప్పుకోను.